ఓవెన్ తలుపు దించితే మొత్తం ముందుకు తలాడిస్తా ఉండాది, బ్రాకెట్లు మారిస్తే చాలా?

కొర్లగుంట_కిచెన్
టాల్ యూనిట్‌లో (నిలువెత్తు కబ్బోర్డు) కూర్చోబెట్టిన 60 సెంటీమీటర్ల ఓవెన్. తలుపు పూర్తిగా దించితే ఓవెన్ అంతా ముందుకు తలాడిస్తా ఉండాది. పైన ఫ్రేముకీ కబ్బోర్డుకీ నడుమ సందు పడింది. కుడి పక్క జాస్తి, ఎడమ పక్క తక్కువ. తలుపు తీస్తే పక్కల కనిపించే నాలుగు స్క్రూల్లో కుడివైపు రెండూ ఊరికే తిరుగుతాయే గానీ పట్టుకోవు. ఆ స్క్రూలు దిగే రేకు బ్రాకెట్టు ఒకటి వంగిపోయింది కూడా. బిగించి మూడేళ్ళు. కొత్త బ్రాకెట్లు తెప్పించి మార్చేస్తే సరిపోతుందా, కబ్బోర్డే విప్పాల్నా? యాడ మొదలుపెట్టాలో చెప్పండి.

నగరి_నట్టుబోల్టు
ఇంకో అంగుళం పొడుగు స్క్రూలు కొట్టి పారేయండి. అయిపాయె.

ఆశారి_అలిపిరి
నట్టుబోల్టన్న మాట మాత్రం వినొద్దండి. పక్క పలక మందమే 18 మిల్లీలు. రెండంగుళాల స్క్రూ కొడితే పక్క అలమరలో ఉప్పు డబ్బా కాడ మొన తేల్తుంది.

ముందు ఒకటి తెలుసుకోండి. ఆ స్క్రూలు గానీ బ్రాకెట్లు గానీ ఓవెన్ బరువు మొయ్యవు. మోసేది కింద పలక. వీటి పని ఒకటే, ఓవెన్ ముందుకు జారకుండా, తల వాల్చకుండా పట్టుకోవడం. బ్రాకెట్టు వంగిందంటే దాని మీద పడకూడని బరువేదో పడతా ఉందని. ఊరికే బ్రాకెట్టు మార్చి వదిలేస్తే కొత్తదీ ఇట్లనే వంగుతుంది. కింద పలక కుంగిందా, గూడు వెడల్పు జాస్తి అయిందా, వెనకాల ఏమన్నా అడ్డం తగుల్తా ఉందా, ఈ మూడూ చూసినాకే బ్రాకెట్టు సంగతి.

తిరుచానూరు_తూకం
ఆశారి గారు చెప్పింది తలుపు మూసి ఉన్నంతసేపూ నూటికి నూరు పాళ్ళు నిజం. తలుపు దించినప్పుడు లెక్క మారుతుంది. ఓవెన్ 35 కిలోలు, అందులో తలుపు 6 కిలోలు అనుకోండి. మిగిలిన 29 కిలోల బరువు ముందు అంచుకు 25 సెంటీమీటర్లు లోపల ఉంటే వెనక్కి పట్టే బలం బరువు ఇంటు దూరం, 29×25, అంటే 725. దించిన తలుపు తన బరువుతో ఓవెన్‌ని బయటికి లాగుతుంది, 6×22, అంటే 132. మిగిలింది 593. తలుపు మీద 40 సెంటీమీటర్ల దూరంలో బరువు పెడితే 593ని 40తో భాగించండి, 15 కిలోల దగ్గర తేలుతుంది.

అంటే స్క్రూలు ఒక్కటీ లేకపోయినా కేకు ట్రేకి ఓవెన్ బోర్లా పడదు. నాలుగేళ్ళ పిల్లోడు తలుపెక్కి నిలబడితే పడుతుంది. స్క్రూలు పెట్టేది ఆ పిల్లోడి కోసం. మీ దాంట్లో బరువేమీ పెట్టకుండానే తలాడిస్తోందంటే కింద పలక ముందుకు వాలి ఉండాలి. పిల్లలుంటే బాగయ్యేదాకా తలుపు దించకండి.

కొర్లగుంట_కిచెన్
పిల్లలున్నారు. ఇప్పుడే ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ లైను స్విచ్చి) దించి, తలుపుకు టేపు వేసినాము. లోపల బరువంటే రెండు ఇనుప దోశ పెనాలు, ఒక గుంత పొంగణాల పెనం, కుక్కర్ మూతలు.

లీలామహల్_లత
తెలుగిళ్ళల్లో ఓవెన్ అంటే పెనాల బీరువా. అప్పుడప్పుడు కేకు కూడా చేసుకోవచ్చు.

స్వర్ణముఖి_సర్వీస్
నవ్వుకోండి గానీ ఆ పెనాలన్నీ తూకమేస్తే ఎనిమిది పది కిలోలు వస్తాయి. ఆ బరువు రాత్రింబవళ్ళు పలక మీదే.

ఓవెన్ బయటికి లాగకముందే చూసుకోవాల్సినవి చెప్తాను, వరసగా చూసి కొలతలు ఇక్కడ పెట్టండి. పెనాలన్నీ తీసేసి లోపలి రాక్ మీద రసమట్టం పెట్టండి. మొదట అడ్డంగా, తర్వాత ముందు నుంచి వెనక్కి. బుడగ ఎటు పోతా ఉందో రాసుకోండి. రసమట్టం లేకపోతే చదునైన ట్రేలో అర అంగుళం నీళ్ళు పోసి నాలుగు మూలల లోతు స్కేలుతో కొలిచినా చాలు. ఫోన్లో ఉండే మట్టం యాప్ నమ్మొద్దు, కెమెరా బుడిపె కింద పడి కొలత తప్పుతుంది.

తర్వాత సందులు. విజిటింగ్ కార్డులు తీసుకుని ఓవెన్ ఫ్రేముకీ కబ్బోర్డు అంచుకీ నడుమ పైన, నడుమ, కింద ఎన్ని దూరతాయో ఎంచండి. రెండు పక్కలా. పైన మాత్రమే సందు ఉండి కింద ఆనుకుని ఉంటే ఓవెన్ ముందుకు వాలింది. పైనా కిందా ఒకే సందు ఉంటే వాలలేదు, వెనక ఏదో అడ్డం పడి పూర్తిగా లోపలికి పోలేదు. ఒక పక్కనే సందంటే పలక మెలి తిరిగింది, లేదా ఆ పక్క స్క్రూ వదిలేసింది.

మూడోది, ఓవెన్ కింద డ్రాయర్ ఉంటే అది తీసి, పలక అడుగున ఇనుప స్కేలు ఆనించి టార్చి వెయ్యండి. వెలుతురు ఎక్కడ రాకపోతే అక్కడ పలక బొడ్డు దిగింది. బొడ్డుకు అటూ ఇటూ స్కేలు కింద ఎంత ఎడం వచ్చిందో అదే కుంగు.

నాలుగు, గూడు వెడల్పు. ఓవెన్ ఉండగా సరిగ్గా కొలవలేరు. పై మూడూ పెట్టినాక లాగడం ఎట్లాగో చెప్తాను.

పలమనేరు_పాకం
ఇదే చర్చలో నా సందేహం. మా ఓవెన్ కదలదు గానీ తలుపు మూసినాక ఎడమ పై మూల సందు కనిపిస్తుంది, ఆ పక్క బిస్కెట్లు తెల్లగా ఉండిపోతాయి. ఇది కూడా బ్రాకెట్టేనా?

స్వర్ణముఖి_సర్వీస్
పాకం గారూ, మీది వేరే బ్రాకెట్టు, తలుపు హింజిది, అంటే తలుపు కీలుది. అందరూ రెండింటినీ బ్రాకెట్టనే అంటారు, అంగట్లో అడిగితే ఒకదానికి ఇంకొకటి చేతికొస్తుంది. మీది కిందికి రాస్తాను, ముందు కొర్లగుంట వారి కొలతలు రానీండి.

కొర్లగుంట_కిచెన్
కొలిచినాము. రాక్ మీద అడ్డంగా బుడగ ఎడమకు పోతుంది, అంటే కుడి దిగింది. ముందు వెనకల్లో ముందు దిగింది. కుడి పైన 7 కార్డులు, కుడి కింద 1. ఎడమ పైన 3, ఎడమ కింద ఏమీ దూరలేదు. పలక అడుగున ముందు అంచు కాడ స్కేలుకు 4 మిల్లీల ఎడం. పలక ప్లైవుడ్ కాదు, రవ్వ ముద్ద మాదిరి పార్టికల్ బోర్డు. పక్క పలకలు మాత్రం ప్లైవుడ్డు, మైకా అంటించింది. పలక కింద రీపర్ (ఆనుకోడానికి కర్ర పట్టీ) లేదు, పక్కల నుంచి మూడేసి స్క్రూలతో నిలబెట్టినారు.

ఆశారి_అలిపిరి
అదీ సంగతి. మొత్తం మోసేది ఆరు స్క్రూలు, అవి కూడా పార్టికల్ బోర్డు అంచులోకి. ఆ బోర్డు అంచులో స్క్రూ పట్టు తక్కువ. వేడికి, ఆవిరికి రవ్వ ఉబ్బి వదిలేస్తుంది. కుడివైపు స్క్రూలు ముందు వదిలేసి ఉంటాయి, పలక కుడి ముందు మూల దిగింది, ఓవెన్ దాంతో పాటు తల వాల్చింది. ఆ వాలిన బరువు పై బ్రాకెట్టు మీద పడి వంగింది. బ్రాకెట్టు పాపం ఏం చేస్తుంది.

నగరి_నట్టుబోల్టు
సరే ఒప్పుకుంటా, పొడుగు స్క్రూ వద్దు. పలక కింద నాలుగు ఎల్ క్లాంపులు వేసి జాకీతో లేపినట్టు లేపేస్తే? ఓవెన్ బయటికి తీసే పనే లేదు.

తిరుచానూరు_తూకం
కుంగిన పార్టికల్ బోర్డు లేపితే మళ్ళీ చదును కాదు. నడుమ బొడ్డు అట్లనే ఉంటుంది, ఓవెన్ నాలుగు మూలలా కాకుండా రెండు చోట్ల ఆనుతుంది, బాడీ మెలి పడుతుంది. పైగా ఓవెన్ లోపలుంటే పలక పైన ఏముందో కనపడదు. ఆవిరికి ఉబ్బిన బోర్డును గోరుతో గిచ్చితే రవ్వ రాలుతుంది, అది చూడకుండా కింద ఎంత ఇనుము పెట్టినా దండగ.

స్వర్ణముఖి_సర్వీస్
ఓవెన్ బయటికి రావాల్సిందే. ఇట్ల తీయండి. ఎంసీబీ దించి, ఓవెన్ గడియారం ఆరిందని చూడండి. ఆరకపోతే మీరు దించింది వేరే ఎంసీబీ. వాడి ఉంటే పూర్తిగా చల్లారనివ్వండి. ట్రేలు, రాకులు, పక్క జాలీలు తీసేయండి.

తర్వాత తలుపు. పూర్తిగా కిందికి దించితే రెండు హింజిల మొదట్లో చిన్న కొక్కేలు కనిపిస్తాయి. రెండింటినీ ముందుకు తిప్పి లాక్ చెయ్యండి. తలుపును సగం పైగా మూస్తే ఒకచోట ఆగుతుంది, అక్కడ రెండు పక్కలా పట్టుకుని పైకెత్తి లాగితే ఊడి వస్తుంది. కొక్కెం ఒకటి తిప్పడం మరిస్తే స్ప్రింగు చటుక్కున మూసుకుంటుంది, వేలు నుజ్జవుతుంది. రెండుసార్లు చూసుకోండి. ఊడదీసిన తలుపును అద్దం కింద దుప్పటి వేసి పడుకోబెట్టండి, మూల మీద నిలబెట్టొద్దు. గట్టి అద్దమే, కానీ మూల తగిలితే మొత్తం చిట్లుతుంది.

తలుపు పోతే బరువు తగ్గుతుంది, పట్టుకోడానికీ వీలు. ఇప్పుడు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఓవెన్‌ని వెనక్కి నెట్టి పట్టుకుంటే ఇంకొకరు కింది స్క్రూలు ముందు, పైవి తర్వాత విప్పండి. మీది ఇప్పటికే వాలి ఉంది కాబట్టి పైవి ముందు తీస్తే మీద పడుతుంది. గూడు ఎత్తుకు సరిపోయే బల్ల ముందు వేసి, దుప్పటి పరిచి, బాడీ పక్కలు పట్టుకుని బల్ల మీదికి జరపండి. ఒక జానెడు రాగానే ఆగి వైరు ఎక్కడైనా పట్టేసిందేమో చూడండి.

కరెంటు_కాణిపాకం
వెనక ప్లగ్గు ఎక్కడుందో కూడా చూసి చెప్పండి. కుడి కింద కూడా 1 కార్డు దూరిందన్నారు, నాకు అది ప్లగ్గు అనుమానం. 16 ఆంప్స్ ప్లగ్గు, దాంట్లోంచి వంగే వైరూ కలిపితే గోడ నుంచి రెండంగుళాలు ముందుకొస్తుంది. గూడు లోతు 550 మిల్లీలే ఉండి ప్లగ్గు సరిగ్గా ఓవెన్ వెనక పడితే ఓవెన్ ఆ మేర ముందే ఆగుతుంది. అప్పుడు చాలామంది స్క్రూలతోనే లోపలికి లాగుతారు. ఆ లాగుడు రాత్రింబవళ్ళు బ్రాకెట్టు మీద ఉంటుంది. ప్లగ్గు మీద కూడా ఉంటుంది, అది ఇంకా ప్రమాదం.

లీలామహల్_లత
కరెంటాయనకు ప్రతి జబ్బులోనూ ప్లగ్గే కనపడుతుంది.

కరెంటు_కాణిపాకం
కనపడుతుంది, ఎందుకంటే మాడిన ప్లగ్గులు చూసేది మేమే గదా.

కొర్లగుంట_కిచెన్
ఓవెన్ బయటికి తీసినాము. ప్లగ్గు నేరుగా వెనకే ఉంది, కుడి వైపు. ప్లగ్గు మూత మీద ఓవెన్ వెనక రేకు గీరిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. కాణిపాకం వారికి దండం. పలక పైన కుడి ముందు మూల ఉబ్బింది, గిచ్చితే రవ్వ రాలుతుంది. గూడు వెడల్పు పైన 572, కింద 571, ఎత్తు 592. చెదలు లేవు. పలక వెనక అంచు గోడకు ఆనుకుని ఉంది, గాలికి కోత పెట్టలేదు.

ఆశారి_అలిపిరి
572 అనగానే తెలిసిపోయింది. ఇది రెండడుగుల రోగం. బయట కొలత 600 మిల్లీలుండాల్సిన కబ్బోర్డును మనోళ్ళు రెండడుగులు అని కోస్తారు. రెండడుగులంటే 609.6. పక్క పలకలు రెండూ 36, లోపల మైకా రెండు పక్కలా కలిపి రవంత తీసేస్తే 572. అదే 600కు కోసి ఉంటే మైకా పోను లోపల 562 వచ్చేది, కంపెనీ కాగితంలో అడిగే 560 నుంచి 568 నడుమ దిగేది.

పది మిల్లీలంటే మన కొలతలో మూడు నూళ్ళు, నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఊరికే మూడు నూళ్ళే గదా అనుకుంటారు. ఓవెన్ ముందు ఫ్రేము 595. గూడు 562 అయితే ఫ్రేము ఒక్కో పక్కా 16 మిల్లీల దాకా పలక అంచు మీద కూర్చుంటుంది. 572 అయితే పదకొండున్నరే. స్క్రూ ఏటవాలుగా పోయి పలకలో దిగాల్సింది, సందులో గాల్లో పోయి మొన మాత్రం మైకాను గీకుతుంది. దానికి తోడు ఓవెన్ ఎడమకు జరిగి కూర్చుంటే కుడి పక్క అసలు పట్టే ఉండదు. మీ కుడివి రెండూ తిరగడం అందుకే.

నగరి_నట్టుబోల్టు
అన్నా, మిల్లీ టేపు కొనమంటే వడ్రంగులు కోప్పడతారు.

ఆశారి_అలిపిరి
టేపులో రెండూ ఉంటాయి నాయనా, పై వరసలో అంగుళాలు, కింద వరసలో మిల్లీలు. చూసే కంట్లోనే ఉంది.

ఇంక బాగుచేసే పని. పార్టికల్ బోర్డు పలక తీసి పారేయండి. 18 మిల్లీల బీడబ్ల్యూపీ (నీళ్ళకు చెడని) ప్లైవుడ్డు, ఐఎస్ 710 ముద్ర ఉన్నది, గూడు లోపలి వెడల్పుకు మిల్లీ తక్కువగా కోయించండి. వెనక వైపు 50 మిల్లీలు వదిలి లోతు కొలవండి, గాలి పైకి పోవాల. నాలుగు అంచులకూ పెయింటో సీలరో పట్టించాల, ఆవిరి దూరేది అంచుల్లోంచే.

పలక కింద రెండు పక్కలా రీపర్లు. 25 మందం, 40 ఎత్తు, ఎండిన గట్టి కర్ర. తిరుపతిలో గట్టి కర్ర అంటే ఎర్రచందనం అడగొద్దండి, జైలుకు పోతాము. టేకు ముక్కలు చాలు. ఒక్కో రీపర్‌కు ఐదు స్క్రూలు, ఒకటిన్నర అంగుళం. 25 రీపర్ పోను పలకలో 13 మిల్లీలు దిగుతుంది, అవతలికి తేలదు. రీపర్‌లో ముందే 4 మిల్లీల బెజ్జం, పలకలో 2.5 బెజ్జం వెయ్యండి. రీపర్‌కు జిగురు పట్టించి స్క్రూ బిగించండి, మైకా మీద జిగురు పట్టదు కాబట్టి రీపర్ కూర్చునే మేర మైకా ఉలితో చెక్కేయాల.

ముందు అంచు కింద 25×25×3 ఇనుప యాంగిల్ ముక్క ఒకటి, రీపర్ల నడుమ కొలతకు కోసి, రెండు చివర్లా రీపర్లకు బిగిస్తే ముందు మళ్ళీ కుంగదు. రెడ్ ఆక్సైడ్ కొట్టి వాడండి. కింద డ్రాయర్ ఉందన్నారు, యాంగిల్ దిగినాక డ్రాయర్ ముఖానికి తగులుతుందేమో ముందే చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. కొత్త పలక పై ముఖం పాత పలక ఎత్తులోనే రావాల, కుంగక ముందు ఎత్తులో. పక్క పలక మీద పాత పలక గీత కనపడుతుంది, వెనక మూల కాడ గీత కుంగి ఉండదు, అక్కడి నుంచి రసమట్టంతో ముందుకు గీయండి. ఎత్తు తప్పితే పై షట్టరుకు ఓవెన్ తగుల్తుంది.

తిరుచానూరు_తూకం
నల్ల స్క్రూలు, జిప్సం బోర్డుకు వాడేవి, రీపర్లకు వద్దని కూడా చెప్పండి. గట్టిగా ఉంటాయి గానీ పెళుసు, అడ్డం బరువు పడితే తల తెగిపోతుంది. చిప్‌బోర్డు స్క్రూలు గానీ స్టీలువి గానీ తీసుకోవాలి.

స్వర్ణముఖి_సర్వీస్
వెడల్పు సంగతి. 572ని 562కి తేవాలంటే ఒక్కో పక్క 5 మిల్లీలు నింపాలి. 4 మిల్లీల ప్లై మీద 1 మిల్లీ మైకా అంటిస్తే సరిగ్గా 5. లోతంతా వెయ్యక్కర్లేదు, ముందు వైపు 100 మిల్లీల వెడల్పు పట్టీ, గూడు ఎత్తంతా. వెనక ఖాళీగా ఉంటే గాలికే మంచిది. 6 మిల్లీల ప్లై వాడితే మైకాతో కలిపి 558 అవుతుంది, ఓవెన్ బాడీ ఇరుక్కుంటుంది. మామూలు తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది, అందుకే పట్టీకి జిగురుతో పాటు తల పలకలో మునిగే చిన్న స్క్రూలు నాలుగు వెయ్యండి.

పాత స్క్రూ బెజ్జాలు రేగిపోయి ఉంటాయి. ఓవెన్ ఫ్రేము బెజ్జాలు మారవు కాబట్టి కొత్త స్క్రూ మళ్ళీ ఆ తావుకే వస్తుంది. పట్టీ వేసేముందు పాత బెజ్జాన్ని 8 మిల్లీల బిట్టుతో శుభ్రం చేసి 8 మిల్లీల కర్ర గూటం జిగురు ముంచి దిగగొట్టండి, ఒక రోజు ఆరనిచ్చి ఉలితో సమం చెయ్యండి. అగ్గిపుల్లలు కూరే వైద్యం నెలరోజులకే.

బ్రాకెట్టు సుత్తితో చదును చేసి వాడొద్దు, మడత కాడ రేకు అలసిపోయి ఉంటుంది. తలుపు తీస్తే ఫ్రేము మీద చిన్న రేకు ముద్రలో మోడల్ సంఖ్య ఉంటుంది, దాంతోనే అడగండి. ఎడమ, కుడి వేరు వేరు, అద్దంలో ప్రతిబింబం మాదిరి. రెండూ కలిపి మార్చండి. దొరకక స్థానికంగా చేయించుకోవాల్సి వస్తే ఒకటిన్నర మిల్లీ జీఐ రేకు, పాతదాని బెజ్జాల దూరం వంగని ఎడమ దాని నుంచి కొలిచి తిరగేసి గీయాలి. వంగినదాన్ని కొలిస్తే తప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

కడపబండ_చిత్తూరు
మా వంటింట్లో ప్లైవుడ్డే లేదు. కడప బండ పలకలు నిలబెట్టి, పైన బండ పరిచి కట్టిన గూడు. ఓవెన్ దాంట్లో కూర్చుంటుంది గానీ స్క్రూ ఎక్కడ దించాలి? బండ అంచులో ప్లగ్గు కొట్టొచ్చా?

ఆశారి_అలిపిరి
కొట్టొద్దు. 20 మిల్లీల బండ అంచులో సుత్తి డ్రిల్లు పెడితే పొరలు పొరలుగా లేస్తుంది, కడప బండ గుణమే అది. మీకు కుంగే బాధ లేదు, బండ మోస్తుంది. కావాల్సింది స్క్రూకు కర్ర మాత్రమే. గూడు లోపల ముందు అంచుకు సమంగా రెండు పక్కలా నిలువు చట్టాలు పెట్టండి. చట్టాల నడుమ 562 రావాల, అందుకు బండల నడుమ ఎంతుందో కొలిచి చట్టం మందం తేల్చుకోండి. బండ ముఖంలో, అంచుకు కనీసం 60 మిల్లీలు లోపల, సుత్తి దెబ్బ ఆపేసి టైల్ బిట్టుతో నీళ్ళు పోస్తా బెజ్జం వేసి, ఆరపార బోల్టు వేసేయండి, అవతల వాషరు. అవతల గోడే ఉంటే బండను వదిలి గోడలోకి 8 మిల్లీల ప్లగ్గు.

కడపబండ_చిత్తూరు
ఒక పక్క గోడ, ఒక పక్క గ్యాస్ బండ పెట్టే అర. బోల్టు తల అటు తేలితే?

ఆశారి_అలిపిరి
తల పొడుచుకు రాకుండా గుండ్రం తల బోల్టు అటు వైపు, నట్టు ఇటు చట్టంలో గుంట తీసి. ఓవెన్ పక్కనే సిలిండర్ అంటున్నారు, అది ముందు అక్కడి నుంచి కదిలించండి. బ్రాకెట్టు తర్వాత.

కరెంటు_కాణిపాకం
దానికి నాదీ ఒక ఓటు.

కొర్లగుంట వారి ప్లగ్గు సంగతి. సాకెట్టు పక్క అలమరలోకి మార్చండి, షట్టరు తీస్తే చెయ్యి అందేట్టు. పక్క పలకకు ప్లగ్గు దూరేంత బెజ్జం, అంచుకు రబ్బరు బుష్ వెయ్యాలి, లేకపోతే మైకా అంచు వైరును కోస్తుంది. మీ ఓవెన్ రేకు ముద్ర మీద ఎన్ని వాట్లుందో చూడండి. 3000 వాట్లయితే 230 వోల్టుల కాడ 13 ఆంప్స్, దానికి 2.5 చదరపు మిల్లీల రాగి వైరు, 16 ఆంప్స్ సాకెట్టు, విడిగా 16 ఆంప్స్ ఎంసీబీ. అదే లైను మీద గీజరో గ్రైండరో ఉండకూడదు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్చి) ఇంట్లో లేకపోతే ఇదే సందర్భం. వాట్లు 3600 దాటితే ప్లగ్గే వద్దు, 4 చదరపు మిల్లీల వైరు, ఫేజూ న్యూట్రలూ రెండూ తెంపే డబుల్ పోల్ స్విచ్చి.

స్వర్ణముఖి_సర్వీస్
పాకం గారి తలుపు. సన్న కాగితం ముక్క తలుపులో పెట్టి మూసి లాగండి, చుట్టూ ఎనిమిది చోట్ల. పట్టుతో రావాలి. ఎడమ పై మూల మాత్రమే జారి వస్తుంటే మొదట రబ్బరు గ్యాస్కెట్టు ఆ మూల కొక్కెం నుంచి ఊడిందేమో చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అది బాగుంటే తలుపును సగం దించి వదలండి. నిలవకుండా దబ్బున పడితే స్ప్రింగు పోయింది. నిలబడి, మూసినాక మూల మాత్రమే తేలితే హింజి కూర్చునే బ్రాకెట్టు వంగింది, లేదా ఓవెనే మెలి పడింది. అందుకని హింజి కొనేముందు రాక్ మీద రసమట్టం పెట్టండి. మట్టం తప్పి ఉంటే పక్క స్క్రూలు నాలుగూ వదులు చేసి, పలక సరిచేసి, మళ్ళీ బిగించండి. చాలాసార్లు సందు దానంతటదే మూసుకుంటుంది.

హింజి మార్చాల్సి వస్తే రెండూ కలిపే. తలుపులో రెండద్దాలా మూడద్దాలా అన్నదాన్ని బట్టి స్ప్రింగు బలం వేరుంటుంది, చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

పలమనేరు_పాకం
గ్యాస్కెట్టే. ఎడమ పై మూల కొక్కెం బెజ్జంలోంచి బయటికొచ్చి ఉంది. లోపలికి నొక్కినాను, కాగితం పట్టుకుంది.

నగరి_నట్టుబోల్టు
అందరికీ ఇంత వైద్యం చేసేబదులు ఓవెన్ చుట్టూ సిలికాన్ పట్టిస్తే జీవితంలో కదలదు కదా?

స్వర్ణముఖి_సర్వీస్
కదలదు. ఎలిమెంటు కాలిపోయిన రోజు సర్వీసు కుర్రోడు కూడా కదిలించలేడు. పైగా ఫ్రేము చుట్టూ ఉన్న సన్న సందులోంచి గాలి ఆడాల్సిన మోడళ్ళున్నాయి. అవి మూసేస్తే వేడి లోపలే ఉండి కంట్రోల్ బోర్డు పోతుంది.

కొర్లగుంట_కిచెన్
పలక, రీపర్లు, యాంగిల్, పట్టీలు అయిపోయినాయి. గూడు ఇప్పుడు పైన 562, కింద 562. సాకెట్టు మారింది. బ్రాకెట్లు జత వచ్చినాయి. బిగించే వరస ఎట్లా? డ్రిల్లుతో బిగించొచ్చా?

స్వర్ణముఖి_సర్వీస్
డ్రిల్లు వద్దు, చేత్తో. ఓవెన్‌ని గూట్లోకి జరిపి, వైరు వెనక నలగలేదని చూసి, రెండు పక్కలా సందు సమం చెయ్యండి. సమం చెయ్యడానికి విజిటింగ్ కార్డులే వాడండి, ఒక్కో పక్క ఒకే లెక్క. బ్రాకెట్టు బెజ్జంలో పెన్సిలు గుర్తు పెట్టి, 2.5 బిట్టుకు 15 మిల్లీల కాడ టేపు చుట్టి, అంతవరకే బెజ్జం. 4×25 స్క్రూలు. ఎడమ పై, కుడి కింద, కుడి పై, ఎడమ కింద, ఈ వరసలో వదులుగా పట్టించి, రాక్ మీద రసమట్టం చూసి, అదే వరసలో బిగించండి. స్క్రూ తల ఆనినాక పావు చుట్టు చాలు. అంతకు మించి తిప్పితే ఫ్రేము లోపలికి లాగబడి తలుపు మూల తేలుతుంది, పాకం గారి జబ్బు మీకూ వస్తుంది.

తలుపు పెట్టేటప్పుడు రెండు హింజిలూ గాడిలో దిగిన చప్పుడు విన్నాకే కొక్కేలు వెనక్కి తిప్పండి. తర్వాత రాక్ సగం బయటికి లాగి ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి చూడండి. తలుపు మీద కాదు, రాక్ మీద.

కొర్లగుంట_కిచెన్
అయింది. రాక్ మీద అడ్డంగా బుడగ నడుమ. ముందు వెనకల్లో వెనక్కి వెంట్రుకంత. బియ్యం సంచి పెట్టినా తల కదల్లేదు. కార్డులు కుడి ఎడమ రెండు పక్కలా పైనా కిందా ఏమీ దూరడం లేదు. ఒక్కటి మిగిలింది, పాత స్క్రూలకు ప్లాస్టిక్ బుష్‌లు నాలుగుండాలి, మూడే ఉన్నాయి. నాలుగోది లేకుండా నడుస్తుందా?

స్వర్ణముఖి_సర్వీస్
నడవదు. ఆ ఒక్క స్క్రూ తల రేకు ఎనామిల్‌ను గీకుతుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది. లోపల బెజ్జం 4 మిల్లీలుండే నైలాన్ వాషరు హార్డ్‌వేర్ అంగట్లో దొరుకుతుంది, అది వెయ్యండి. మామూలు ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది, నైలాన్ అని అడిగి తీసుకోండి. వేసినాక 200 డిగ్రీల కాడ అరగంట ఖాళీగా నడిపి, చల్లారినాక స్క్రూలు ఒకసారి చేత్తో చూడండి. కొత్త కర్ర రవంత కుదించుకుంటుంది.

ఆశారి_అలిపిరి
నెల తర్వాత ఇంకోసారి. అడుగున యాంగిల్ కాడ స్కేలు పెట్టి టార్చి కూడా వెయ్యండి.

కొర్లగుంట_కిచెన్
వాషరు తెచ్చినాము, అరగంట నడిపినాము, పై కుడి స్క్రూ ఒక్కటి కొంచెం తిరిగింది, బిగించినాము. పక్క అలమర లోపల చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉందంతే. ముందయితే మైకా కాలేది.

లీలామహల్_లత
పెనాలు?

కొర్లగుంట_కిచెన్
పొయ్యి కింద అరలోకి పోయినాయి. కుక్కర్ మూతలకే ఇంకా తావు దొరకలేదు.